నాయకత్వం అనే గడి

శుక్రవారం లోగా పంపమన్నారు ఈ ఫారం.
పేరు: ఎవాండ్రో. రెండో ఏడాది రెసిడెంటు.
రోగితో మాట, నాలుగు.
చేతి వాటం, నాలుగు.
దస్తూరీ, ఒకటి. ఆ అక్షరాలు మందుల షాపువాడికే ఎరుక.
చివరి గడి: నాయకత్వం.
ఐదుకి ఎంత?

ఇక్కడ ఆగింది పెన్ను.
బయట రెసీఫీ వాన, పట్టుకుంటే వదలదు.
కొండవాలుకి టార్పాలిన్లు కప్పి
మా రోగులంతా ఒక చెవి మట్టికి ఒగ్గి పడుకునే నెల ఇది.

వచ్చిన కొత్తలో గట్టివాడే.
ఒతాసీలియో గారి రక్తపోటు నూట డెబ్బై.
మాత్ర పెంచాడు.
నెల తిరిగేసరికి నూట డెబ్బై ఐదు. మళ్లీ పెంచాడు.
మూడోసారి చీటీ లాగుతుంటే
తలుపు దగ్గర జాందిరా గొంతు సవరించుకుంది.
పద్దెనిమిదేళ్లుగా ఈ మెట్లెక్కి దిగుతున్న ఆరోగ్య కార్యకర్త,
ఏ గుమ్మంలో కుక్క కరుస్తుందో
ఏ గుమ్మంలో మొరిగి ఊరుకుంటుందో తెలిసిన మనిషి.
"చీటీ తర్వాత డాక్టరు గారూ,
ముందు ఆ బూట్లు మార్చుకోండి."

రెండు వందల పన్నెండు మెట్లు.
నూరో మెట్టు మీద మోకాళ్లు పట్టుకుని వంగిపోయాడట.
ఆమె ఆగలేదట, వెనక్కి చూడనూ లేదట.
నవ్వకుండా చెప్పింది నాకు.

పైన రేకుల గది.
బిస్కెట్ డబ్బాలో మాత్రలు
లెక్క తప్పకుండా, భద్రంగా.
ఒక్కటీ మింగలేదు.
"అది వేసుకుంటే రాత్రి నాలుగుసార్లు లేవాలి నాయనా.
మరుగుదొడ్డి ముప్పై మెట్లు కింద. దీపం లేదు.
కిందటి వానల్లో మా ఆవిడ అక్కడే జారింది."
ఆవిడ ఇప్పుడెక్కడని ఎవాండ్రో అడగలేదు.
ఫోటో ముందు కొవ్వొత్తి ఉంది.

మాత్రని పొద్దుటికి మార్చాడు.
అంతటితో ఆగితే
మూడు వేసి చేతులు దులుపుకునేదాన్ని.

వాడకట్టు ఆరోగ్య సభకి పటాలు గీసుకొచ్చాడు,
పడ్డవాళ్ల లెక్క, విరిగిన తుంటి ఎముకల లెక్క, రంగురంగుల్లో.
ఇరవై నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడాడు.
నగరపాలక సంస్థ ఆయన గడియారం చూసుకున్నాడు.
వానలో తడిసిన పిల్లిలా తిరిగొచ్చాడు కుర్రాడు.
నేనేమీ అనలేదు.
ఓదార్పు కూడా ఒక్కోసారి అడ్డమే.

మరుసటి నెల ముందుగా వెళ్లి
కుర్చీలు గుండ్రంగా వేశాడు, కాఫీ కాచాడు,
అందరికీ పోసి గోడవారన కూర్చున్నాడు.
ఒతాసీలియో గారు లేచి డబ్బా మూత తీశారు.
ఒకటి, రెండు, మూడు…
మూడు నెలల మాత్రలు, ఆ అధికారి ముందు బల్ల మీద
ఒక్కొక్కటే లెక్కపెట్టారు.
గడియారం వైపు ఎవరి చూపూ పోలేదు.

దీపం వచ్చింది.
నలభై రోజులు వెలిగింది.

నన్ను తయారు చేసినవాళ్లు ముందు నడవడం నేర్పారు:
పెద్దాసుపత్రి వరండా, వెనక ఆరు తెల్లకోట్లు,
నేను తల తిప్పితే ఆరు తలలూ తిరగాలి.
ఆ నడక వదిలించుకోడానికి నాకు పదేళ్లు పట్టింది.
ఇంకా పూర్తిగా పోలేదని జాందిరా అంటుంది.

ఇవాళ తొమ్మిదైంది. అతని గది ఖాళీ.
బయట పద్నాలుగు మంది సణుగుడు.
ఫోన్లో రెండు ముక్కలు:
"మెట్ల దీపం మళ్లీ ఆరిందట. జాందిరాతో వెళ్తున్నా, అరగంట."
అనుమతి అడగలేదు.
తిట్టాలి. తిడతాను కూడా.
ముసలాయన రక్తపోటు ఇంకా నూట యాభై మీదే ఉంది,
అదీ రాయాలి ఎక్కడో.

పెన్నుకి మూత పెట్టి వెళ్లి అతని కుర్చీలో కూర్చున్నాను.
నాకది కాస్త పొట్టి.
సొరుగులో స్టెతస్కోపు, తడారని చెప్పులు,
గుడ్డలో చుట్టిన రెండు బల్బులు.

గడి అలాగే ఉంది.
తర్వాత ఎవరమ్మా? రండి.